పీహెచ్‌పీ సెషన్లు కొన్ని ముందే పోతున్నాయి, కొన్ని ఎప్పటికీ పోవట్లేదు: క్లీనప్ ఎక్కడ సరిచేయాలి?

విభాగం: సర్వర్లు, డిప్లాయ్‌మెంట్ (బెంగళూరు తెలుగు డెవలపర్లు)

పీజీపోర్టల్_దేవ్ · సోమవారం 10:12

అందరికీ నమస్తే. మారతహళ్లి, బీటీఎం వైపు పీజీ హాస్టళ్ల బుకింగ్‌లు, అద్దె రసీదులు చూసే పోర్టల్ ఒకటి నడుస్తోంది. ఉబుంటు 22.04, ఎన్‌జింక్స్, పీహెచ్‌పీ 8.1 ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని నడిపే సర్వీసు). సెషన్లు (లాగిన్ అయిన యూజర్‌ని సర్వర్ గుర్తుపెట్టుకునే డేటా) ఫైళ్లలోనే. వెబ్‌సైట్‌కి ఒక పూల్ (ఎఫ్‌పీఎం ప్రాసెస్‌ల గుంపు), మొబైల్ ఏపీఐకి ఇంకో పూల్. ఓనర్ల అడ్మిన్ ప్యానెల్ మాత్రం జావా: టామ్‌క్యాట్ 9 సర్వర్, పాత జేఎస్పీ (జావా వెబ్) పేజీలు.

వెబ్‌సైట్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే 30 నిమిషాలకు లాగౌట్ అవ్వాలి. బూట్‌స్ట్రాప్ ఫైల్లో ఐనీ_సెట్‌తో జీసీ_మ్యాక్స్‌లైఫ్‌టైమ్ 1800 సెకన్లు ఇచ్చాం (జీసీ అంటే గార్బేజ్ కలెక్షన్, పాత సెషన్లు తుడవడం). కొందరికి 25 నిమిషాలకే పోతోంది, ఇంకొందరికి 50 నిమిషాలైనా పోవట్లేదు. ఎవరికి ఎప్పుడు పోతుందో ఒక పద్ధతి లేదు.

ఏపీఐ పూల్‌కి సేవ్_పాత్ (సెషన్ ఫైళ్లు దాచే చోటు) వేరే ఫోల్డర్. అక్కడ "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని ఎర్రర్. డిస్క్ చూస్తే 40 శాతం ఖాళీ.

అడ్మిన్ ప్యానెల్ వాడేది యాభై మంది లోపే. టామ్‌క్యాట్ మేనేజర్‌లో యాక్టివ్ సెషన్లు మాత్రం ఎప్పుడు చూసినా 700 పైనే, అర్ధరాత్రి కూడా.

అన్నీ రెడిస్‌లోకి (మెమొరీలో డేటా దాచే సర్వర్) మార్చేస్తే గొడవ వదిలిపోతుందా?

బీటీఎం_బజ్జీ · 10:20

రెండోదానికి ముందు డీఎఫ్ -ఐ కొట్టి చూడండి. ఐనోడ్లు (డిస్క్ మీద ఒక్కో ఫైల్‌కీ ఒకటి చొప్పున కావాల్సిన నమోదులు) అయిపోయి ఉంటాయి.

క్రాన్_కామయ్య · 10:58

దేవ్ గారూ, రెడిస్ సంగతి తర్వాత. ముందు ఒకటి విడదీసి చూడండి. గడువు తీరిందా లేదా అని తేల్చడం ఒక పని, తీరిన సెషన్‌ని డిస్క్ మీద నుంచి తుడవడం ఇంకో పని. లాడ్జిలో చెకౌట్ టైమ్ దాటినవాడిని ఆపాల్సింది కౌంటర్ దగ్గర, గది ఊడ్చే మనిషి వచ్చేదాకా ఆగితే కుదరదు. పీహెచ్‌పీ ఫైల్ హ్యాండ్లర్‌కి కౌంటరే లేదు. సెస్_ అని మొదలయ్యే సెషన్ ఫైల్ డిస్క్ మీద ఉంటే చాలు, దాని వయసు ఎంతో చూడకుండా చదివి ఇచ్చేస్తుంది. జీసీ_మ్యాక్స్‌లైఫ్‌టైమ్ చెప్పేది "ఇంతకంటే పాతదాన్ని చెత్త కింద లెక్కేయొచ్చు" అని మాత్రమే. ఆ చెత్త ఎప్పుడు ఎత్తుతారో అది చెప్పదు.

మామూలు పీహెచ్‌పీలో ఎత్తేది పాచికల లెక్కన. జీసీ_ప్రాబబిలిటీ 1, జీసీ_డివైజర్ 100 అంటే, సెషన్ మొదలయ్యే ప్రతి రిక్వెస్టుకీ నూటికి ఒక వంతు అవకాశం. రోజుకు 40 రిక్వెస్టులొచ్చే సైట్‌లో రోజంతా జీసీ ఒక్కసారీ నడవకపోయే అవకాశం దాదాపు 67 శాతం. అదే సెకనుకు 200 రిక్వెస్టులుంటే సెకనుకు రెండుసార్లు ఫోల్డర్ మొత్తం తిరగేస్తుంది, ఆ భారం ఎవరో ఒక యూజర్ రిక్వెస్టు మీద పడుతుంది.

ఉబుంటు, డెబియన్ వాళ్లకు ఈ పద్ధతి నచ్చక జీసీ_ప్రాబబిలిటీని 0 చేశారు. అంటే పీహెచ్‌పీ తనంతట తాను ఏదీ తుడవదు. దాని బదులు పీహెచ్‌పీసెషన్‌క్లీన్ అనే సిస్టమ్‌డీ టైమర్ ప్రతి గంటలో 09, 39 నిమిషాలకు ఒక షెల్ స్క్రిప్టును నడుపుతుంది. ఆ స్క్రిప్టు చూసేది పీహెచ్‌పీ.ఐనీ, కాన్ఫ్.డీ ఫైళ్లనే. మీ బూట్‌స్ట్రాప్‌లోని ఐనీ_సెట్ దానికి కనపడదు, పూల్ ఫైల్లో ఇచ్చిన పీహెచ్‌పీ_వాల్యూ కూడా కనపడదు. కాబట్టి అది డిఫాల్ట్ 1440 సెకన్లే తీసుకుంటోంది, అంటే 24 నిమిషాలు.

ఇక లెక్క చూడండి. ఒకతను 10:14కి చివరిగా క్లిక్ చేశాడు. 10:39కి ఫైల్ వయసు 25 నిమిషాలు, పోయింది. ఇంకొకతను 10:16కి క్లిక్ చేశాడు. 10:39కి 23 నిమిషాలే, బతికిపోయింది. మళ్లీ 11:09 దాకా దాన్ని అడిగేవాడు లేడు, అప్పటికి 53 నిమిషాలు. మీకు 25, 50 అని కనిపిస్తున్నది ఇదే. సుమారుగా 24 నుంచి 54 మధ్య ఎక్కడైనా పడొచ్చు.

సరిచేయడం రెండు చోట్ల. కోడ్‌లో: సెషన్_స్టార్ట్ అవగానే, సెషన్‌లో దాచిన చివరి కదలిక సమయం చూడండి. ఇప్పటికి 1800 సెకన్లు దాటితే సెషన్ అరే ఖాళీ చేసి, సెషన్_డిస్ట్రాయ్ పిలిచి, కుకీని కూడా పాత తేదీతో చెరిపి, లాగిన్‌కి పంపండి (సెషన్_డిస్ట్రాయ్ కుకీని ముట్టుకోదు, చాలామంది ఇక్కడే వదిలేస్తారు). దాటకపోతే ఆ సమయాన్ని కొత్తది చేయండి. ప్రతి రిక్వెస్టుకీ రాయక్కర్లేదు, 60 సెకన్లు పాతబడితే రాస్తే చాలు. పీహెచ్‌పీ 7 నుంచి లేజీ_రైట్ (మారని డేటాను మళ్లీ రాయని సెట్టింగ్) ఉంది కాబట్టి డేటా మారకపోయినా ఫైల్ టైమ్‌స్టాంప్ అదే ముందుకు జరుగుతుంది.

సర్వర్‌లో: ఎఫ్‌పీఎం కాన్ఫ్.డీ కింద చిన్న ఫైల్ పెట్టి జీసీ_మ్యాక్స్‌లైఫ్‌టైమ్ 3600 ఇవ్వండి. 1800 కాదు, దానికంటే ఎక్కువే ఉండాలి. తుడిచేవాడు ఎప్పుడూ తేల్చేవాడి వెనకాలే రావాలి, ముందు రాకూడదు.

పీజీపోర్టల్_దేవ్ · 11:25

చాలా థ్యాంక్స్ కామయ్య గారూ. డీఎఫ్ -ఐ చూశాను, ఐయూజ్ (ఐనోడ్ల వాడకం) 100 శాతం. ఏపీఐ ఫోల్డర్‌లో ఎల్ఎస్ కొడితే తిరిగి రావట్లేదు. ఆర్ఎం సెస్_* కొడితే "ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్". జీసీ_ప్రాబబిలిటీ మళ్లీ 1 చేసేస్తే పోదా?

క్రాన్_కామయ్య · 11:52

చేయకండి. డిఫాల్ట్ ఫోల్డర్ పర్మిషన్ 1733. రాయొచ్చు, కానీ లిస్ట్ చదవడానికి లేదు. ఒకడి సెషన్ ఐడీలు ఇంకొకడికి కనపడకూడదని అలా పెట్టారు. పీహెచ్‌పీ అందులో జీసీ చేయబోతే ఓపెన్‌డిర్ ఫెయిల్డ్, పర్మిషన్ డినైడ్ అని లాగ్ నిండా నోటీసులు పడతాయి, తుడవడం మాత్రం జరగదు. ఏపీఐ ఫోల్డర్‌లో పర్మిషన్ ఉన్నా, ఇన్ని లక్షల ఫైళ్ల మీద మొదటి జీసీ పడిన రిక్వెస్టు టైమౌట్ అయి కూర్చుంటుంది.

ఎల్ఎస్ వేలాడటానికి కారణం, అది పేర్లన్నీ మెమొరీలోకి లాగి అక్షర క్రమంలో పేర్చాకే ముద్రిస్తుంది. ఎల్ఎస్ -ఎఫ్ వాడితే పేర్చకుండా ఇస్తుంది (చిన్న ఎఫ్, పెద్దది కాదు). ఆర్ఎం విషయంలో తప్పు షెల్‌ది: నక్షత్రం గుర్తును లక్షల పేర్లుగా విడదీసి కమాండ్‌కి ఇవ్వబోతే కెర్నెల్ ఒప్పుకోదు. ఫైండ్ వాడండి: ఆ ఫోల్డర్, పేరు సెస్_*, టైప్ ఎఫ్, -ఎమ్‌మిన్ +60, చివర -డిలీట్. -డిలీట్ ఎప్పుడూ చివరనే. ముందు పెడితే వడపోత కంటే ముందే చెరపడం మొదలవుతుంది. ముందొకసారి -డిలీట్ తీసేసి, ఫలితాన్ని హెడ్‌కి పంపి చూసుకోండి. దాని ముందు అయొనైస్ -సీ3 తగిలిస్తే డిస్క్ మీద మిగతా పనులకు అడ్డు రాదు, కానీ డిస్క్ షెడ్యూలర్ ప్రాధాన్యాలు పాటించేదైతేనే (బీఎఫ్‌క్యూ లాంటిది) ఆ మాట వింటుంది.

ఫైళ్లన్నీ పోయాక కూడా ఆ ఫోల్డర్ నెమ్మదిగానే ఉంటుంది. ఈఎక్స్‌టీ4లో డైరెక్టరీ ఒకసారి పెరిగితే లోపల ఖాళీ అయినా కుంచించుకోదు. కొత్త ఫోల్డర్ చేసి, అదే ఓనరూ అదే మోడూ ఇచ్చి, చివరి గంటలో కదిలిన ఫైళ్లను అందులోకి జరిపి, పేర్లు మార్చండి. పాతదాన్ని తర్వాత తీరిగ్గా చెరపొచ్చు.

ఇక ఇది మళ్లీ నిండకుండా: సేవ్_పాత్ పూల్ ఫైల్లో ఇచ్చారు కాబట్టి ఉబుంటు స్క్రిప్టు ఆ ఫోల్డర్ జోలికి ఎప్పటికీ రాదు. దానికి సొంత టైమర్ మీరే రాయాలి, పది నిమిషాలకొకసారి అదే ఫైండ్. సేవ్_పాత్‌లో "2;" అని ముందు పెట్టి సబ్ ఫోల్డర్లుగా విడగొట్టినా అంతే, అలా ఇస్తే పీహెచ్‌పీ సొంత జీసీ పనే చేయదు.

సిల్క్‌బోర్డు_సిగ్నల్ · 12:10

ఫైళ్లు ఎందుకు అన్ని లక్షలయ్యాయో కూడా అడగాలి కదా అన్నా. మొబైల్ యాప్ కుకీ తిరిగి పంపకపోతే ప్రతి ఏపీఐ కాల్‌కీ కొత్త సెషన్ పుడుతుంది. టోకెన్‌తో నడిచే ఏపీఐ అయితే సెషన్_స్టార్ట్ అక్కడ ఉండనే కూడదు. బాట్‌లదీ ఇదే కథ, కుకీ దాచుకోవు.

క్రాన్_కామయ్య · 12:14

నిజం. ఒక్క ఫైల్ తెరిచి చూడండి దేవ్ గారూ. సున్నా బైట్లుంటే సిగ్నల్ గారు చెప్పిందే.

ఇంకోటి కూడా చూడండి. లాగిన్ దగ్గర సెషన్_రీజెనరేట్_ఐడీ పిలుస్తున్నారా? ట్రూ ఇవ్వకపోతే పాత ఫైల్ అలాగే ఉండిపోతుంది. ట్రూ ఇస్తే వెంటనే పోతుంది, కానీ మొబైల్ నెట్‌వర్క్‌లో కొత్త కుకీ చేరకముందే రెండో రిక్వెస్టు పాత ఐడీతో వస్తే యూజర్ బయటపడతాడు. పాత సెషన్‌లో "ఈ సమయానికి రద్దు" అని గుర్తు పెట్టి, కొన్ని నిమిషాలు మాత్రమే ఒప్పుకోవడం మధ్యే మార్గం.

పీజీపోర్టల్_దేవ్ · 12:31

సున్నా బైట్లే.

టామ్‌క్యాట్_తాయారు · 13:40

మూడోది, ఆ 700 సెషన్ల సంగతి, నేను చెప్తాను. లోడ్ బ్యాలెన్సర్ హెల్త్ చెక్ (సర్వర్ బతికుందా అని అది పంపే రిక్వెస్టు) ఏ యూఆర్ఎల్‌కి, ఎన్ని సెకన్లకొకసారి వస్తోంది?

పీజీపోర్టల్_దేవ్ · 13:47

రెండు బ్యాలెన్సర్లు అక్కా, ఒక్కోటి 5 సెకన్లకొకసారి. లాగిన్.జేఎస్పీకి.

టామ్‌క్యాట్_తాయారు · 14:20

అయితే లెక్క అక్కడే ఉంది. జేఎస్పీ పేజీకి సెషన్ డిఫాల్ట్‌గా ట్రూ. మీరు అడగకపోయినా ప్రతి కొత్త సందర్శనకీ సెషన్ తయారవుతుంది. హెల్త్ చెక్ జేసెషన్ఐడీ అనే సెషన్ కుకీని తిరిగి పంపదు. 30 నిమిషాల్లో 1800 సెకన్లు, 5తో భాగిస్తే 360, రెండు బ్యాలెన్సర్లకు 720. మీ 700 అదే. క్లీనప్ తన పని సరిగానే చేస్తోంది, పుట్టేవీ పోయేవీ సమానమై అక్కడ నిలబడింది.

హెల్త్ చెక్‌కి సెషన్ ముట్టని చిన్న సర్వ్‌లెట్ పెట్టండి. లాగిన్ పేజీ పైన పేజ్ డైరెక్టివ్‌లో సెషన్ ఫాల్స్ ఇవ్వండి. కోడ్‌లో గెట్‌సెషన్ అని ఊరికే పిలిచిన చోట్ల గెట్‌సెషన్(ఫాల్స్) చేసి, నల్ వస్తే లాగిన్ లేదని తీసుకోండి. గూగుల్‌బాట్ లాంటివి వస్తుంటే క్రాలర్‌సెషన్‌మేనేజర్‌వాల్వ్ అని టామ్‌క్యాట్‌లోనే ఉంది, ఒక్కో క్రాలర్ ఎన్నిసార్లొచ్చినా ఒకే సెషన్ కట్టబెడుతుంది.

టామ్‌క్యాట్ గడువు చూసే తీరు పీహెచ్‌పీ కంటే నయం. సెషన్ అడిగిన ప్రతిసారీ గడువు లెక్కేస్తుంది, తీరితే అక్కడికక్కడే నల్ ఇస్తుంది. ఎవరూ అడగనివాటి కోసం బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ ఉంది. అది 10 సెకన్లకొకసారి లేస్తుంది, అలా ఆరుసార్లు లేచాక ఒకసారి సెషన్లన్నీ చూస్తుంది (ప్రాసెస్ఎక్స్‌పైర్స్‌ఫ్రీక్వెన్సీ డిఫాల్ట్ 6). అంటే నిమిషానికొకసారి. సెషన్‌డిస్ట్రాయ్డ్ లిజనర్‌ని (సెషన్ పోయినప్పుడు నడిచే కోడ్) ఒక నిమిషం ఆలస్యంగా పిలిస్తే అది బగ్ అనుకోవద్దు.

ఎక్కువమంది దెబ్బతినేది యూనిట్ల దగ్గర. వెబ్.ఎక్స్ఎంఎల్‌లో సెషన్-టైమౌట్ నిమిషాల్లో, సెట్‌మ్యాక్స్‌ఇనాక్టివ్‌ఇంటర్వల్ సెకన్లలో. స్ప్రింగ్ బూట్ ప్రాపర్టీలో యూనిట్ రాయకపోతే సెకన్లు. వెబ్.ఎక్స్ఎంఎల్‌లో 1800 రాస్తే 30 గంటలు. సున్నా గానీ మైనస్ గానీ రాస్తే ఎప్పటికీ పోదు.

హీప్ (జావా వాడే మెమొరీ) ఇంకా తగ్గకపోతే సెషన్ పోయినా దాన్ని పట్టుకున్న వస్తువు ఎక్కడో ఉన్నట్టు. "లాగిన్ అయి ఉన్నవాళ్లు" అని స్టాటిక్ మ్యాప్‌లో సెషన్ ఆబ్జెక్టే దాచే కోడ్ పాత ప్యానెళ్లలో తరచుగా కనిపిస్తుంది. సెషన్ ఐడీ మాత్రమే దాచి, లిజనర్‌లో తీసేయాలి. రసీదుల పీడీఎఫ్ బైట్లు సెషన్‌లో పెట్టకండి. అడిగిన రిక్వెస్టులోనే తయారుచేసి పంపేస్తే సరిపోయేదానికి అరగంట హీప్‌లో మోయడం దండగ.

రెడిస్_రాయుడు · 15:05

మొదట అడిగిన రెడిస్ ప్రశ్న అలాగే ఉండిపోయింది. రెడిస్‌లో కౌంటరూ ఊడ్చే మనిషీ రెండూ ఉన్నాయి. గడువు తీరిన కీని అడిగితే అప్పుడే చెరిపి లేదంటుంది. ఎవరూ అడగనివాటి కోసం సెకనుకు 10సార్లు, గడువున్న కీలలోంచి 20 చొప్పున ఏరి చూస్తుంది, తీరినవి ఎక్కువ కనపడితే ఆ రౌండ్ మళ్లీ తిప్పుతుంది. 6.0 నుంచి యాక్టివ్-ఎక్స్‌పైర్-ఎఫర్ట్ అని 1 నుంచి 10 దాకా సెట్టింగ్ ఉంది. మామూలుగా 1 సరిపోతుంది.

పీహెచ్‌పీ రెడిస్ ఎక్స్‌టెన్షన్ జీసీ_మ్యాక్స్‌లైఫ్‌టైమ్‌నే టీటీఎల్‌గా (కీకి మిగిలిన ఆయుష్షు) రాస్తుంది. కాబట్టి అక్కడ మీ ఐనీ_సెట్ పనిచేస్తుంది, సెషన్_స్టార్ట్‌కి ముందు ఉండాలి అంతే. కానీ సెషన్ లాకింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్. ఫైళ్లలో ఫ్లాక్ (ఫైల్‌కి వేసే తాళం) ఉండబట్టి ఒకే యూజర్ రిక్వెస్టులు ఒకదాని వెనక ఒకటి నడిచేవి. రెడిస్‌కి మారాక రెండు అజాక్స్ కాల్స్ ఒకేసారి రాస్తే చివరిది గెలుస్తుంది, కార్ట్‌లో ఒకటి పోతుంది. రెడిస్.సెషన్.లాకింగ్_ఎనేబుల్డ్ 1 చేయండి.

సొంతంగా కీలు రాసేవాళ్లు జాగ్రత్త పడాల్సిన చోటు: ఎక్స్‌పైర్ ఉన్న కీ మీద మామూలు సెట్ కొడితే టీటీఎల్ ఎగిరిపోతుంది. ఈఎక్స్ మళ్లీ ఇవ్వాలి, లేదా 6.0 నుంచి వచ్చిన కీప్‌టీటీఎల్ వాడాలి. హ్యాష్‌లో హెచ్‌సెట్ టీటీఎల్‌ని చెడగొట్టదు, కానీ కీ గడువు తీరి పోయిన మరుక్షణం ఆలస్యమైన రిక్వెస్టు ఒకటి హెచ్‌సెట్ కొడితే టీటీఎల్ లేని కొత్త హ్యాష్ పుడుతుంది. ఒకే ఫీల్డున్న దెయ్యం సెషన్ అది, ఎప్పటికీ పోదు. హెచ్‌సెట్, ఎక్స్‌పైర్ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పంపాలి. ఇన్ఫో కీస్పేస్ కొట్టి కీస్ సంఖ్య, ఎక్స్‌పైర్స్ సంఖ్య పోల్చండి. సెషన్లకే పెట్టిన డేటాబేస్‌లో రెండూ దాదాపు సమానం ఉండాలి. తేడా రోజురోజుకీ పెరుగుతుంటే ఈ దెయ్యాలే. టీటీఎల్ అడిగితే -1 వచ్చేది గడువు లేని కీ, -2 వస్తే కీయే లేదు.

మ్యాక్స్‌మెమొరీ పాలసీ నోఎవిక్షన్ ఉంటే మెమొరీ నిండగానే రాతలు ఫెయిలవుతాయి, లాగిన్లు ఆగిపోతాయి. ఆల్‌కీస్-ఎల్ఆర్‌యూ ఇస్తే బతికున్న సెషన్లే నిశ్శబ్దంగా పోతాయి. కాష్‌కీ సెషన్లకీ ఒకే రెడిస్ వద్దు అనేది ఇందుకే.

సిల్క్‌బోర్డు_సిగ్నల్ · 15:12

జావాలో రెడిస్ సెషన్లకు స్ప్రింగ్ సెషన్ లైబ్రరీ ఇండెక్స్‌డ్ రిపాజిటరీ వాడేవాళ్లకు ఒక మాట చేరుస్తాను. గడువు తీరిన ఈవెంట్ కోసం కీస్పేస్ నోటిఫికేషన్లు కావాలి. క్లౌడ్ రెడిస్‌లో కాన్ఫిగ్ కమాండ్ మూసేసి ఉంటే అప్లికేషన్ లేవదు. నోటిఫికేషన్లు పారామీటర్ గ్రూప్‌లో ఇచ్చి, కోడ్‌లో కాన్ఫిగర్‌రెడిస్ఆక్షన్ నో_ఆప్ పెట్టాలి. హ్యాష్ కీ గడువు కంటే 5 నిమిషాలు ఎక్కువ బతుకుతుంది, అది కావాలనే చేసింది, ఈవెంట్ వచ్చినప్పుడు పాత డేటా అందుబాటులో ఉండాలని.

ఫిల్టర్‌కాఫీ_పైథాన్ · 16:30

ఇదే చర్చలో అడుగుతున్నా, తిట్టకండి. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. జాంగో_సెషన్ టేబుల్ కోటి వరుసలు దాటింది. జాంగో తనే చెరపదా?

టేబుల్_తుడుపు · 17:15

చెరపదు. క్లియర్‌సెషన్స్ అనే మేనేజ్‌మెంట్ కమాండ్ ఇచ్చి చేతులు దులుపుకుంది, క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) పెట్టుకోవడం మన పని. గడువు తేల్చడం మాత్రం సరిగ్గానే చేస్తుంది, చదివేటప్పుడు ఎక్స్‌పైర్_డేట్ చూస్తుంది. కాబట్టి మీది భద్రత సమస్య కాదు, బరువు సమస్య.

డిఫాల్ట్ వయసు 12,09,600 సెకన్లు, రెండు వారాలు. అదీ చివరిగా సెషన్ మారినప్పటి నుంచి. సేవ్_ఎవ్రీ_రిక్వెస్ట్ ఫాల్స్ ఉన్నంతకాలం, రోజూ వాడే యూజర్‌కి కూడా లాగిన్ అయిన రెండు వారాలకు పోతుంది. ట్రూ చేస్తే ప్రతి రిక్వెస్టుకీ ఒక అప్‌డేట్, పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి అప్‌డేట్‌కీ ఒక డెడ్ వరుస. దానికంటే మిడిల్‌వేర్‌లో గంటకొకసారి మాత్రమే మోడిఫైడ్ అని గుర్తు పెట్టడం చవక.

కోటి వరుసల మీద మొదటిసారే క్లియర్‌సెషన్స్ కొట్టకండి. అదంతా ఒకే డిలీట్. ట్రాన్సాక్షన్ చాలాసేపు తెరిచి ఉంటుంది, రెప్లికా (డేటాబేస్ నకలు సర్వర్) వెనకబడుతుంది. పోస్ట్‌గ్రెస్ డిలీట్‌కి లిమిట్ లేదు కాబట్టి, గడువు తీరిన 5000 కీలను సబ్‌క్వెరీలో లిమిట్‌తో ఏరి, వాటినే చెరిపి, కమిట్ చేసి, అర సెకను ఆగి, సున్నా వచ్చేదాకా తిప్పండి. మైఎస్‌క్యూఎల్‌లో డిలీట్‌కే లిమిట్ ఇవ్వొచ్చు. గడువు కాలమ్‌కి ఇండెక్స్ లేకపోతే ప్రతి విడతా టేబుల్ అంతా తిరుగుతుంది. జాంగో ఇస్తుంది, సొంత టేబుళ్లలో మర్చిపోతుంటారు.

చెరిపాక డిస్క్ తగ్గలేదని కంగారు పడొద్దు. పోస్ట్‌గ్రెస్‌లో వ్యాక్యూమ్ (డెడ్ వరుసలు ఊడ్చే పని) ఆ జాగాను మళ్లీ వాడుకోవడానికి ఉంచుతుంది, సాధారణంగా ఓఎస్‌కి తిరిగివ్వదు. ఆ ఒక్క టేబుల్‌కి ఆటోవ్యాక్యూమ్ స్కేల్ ఫ్యాక్టర్ 0.2 నుంచి 0.02కి దించండి. లేకపోతే టేబుల్‌లో ఐదో వంతు చచ్చేదాకా అది కదలదు.

బీటీఎం_బజ్జీ · 17:22

క్రాన్ ఎప్పుడు పెట్టాలి? తెల్లవారుజామున 3?

టేబుల్_తుడుపు · 17:40

ముందు సర్వర్ ఏ టైమ్‌జోన్‌లో ఉందో చూడు బ్రో. యూటీసీ అయితే మన 3 గంటలు అక్కడ ముందు రోజు 21:30. క్రాన్‌లో 3 అని రాస్తే మనకు ఉదయం 8:30కి నడుస్తుంది, ఔటర్ రింగ్ రోడ్డు క్యాబ్‌ల్లో కూర్చుని జనం ఫోన్లు తెరిచే వేళ. అయినా రోజుకొకసారి పెద్దగా చెరపడం కంటే పది నిమిషాలకొకసారి కొంచెం కొంచెం చెరపడమే మేలు, అప్పుడు ఏ వేళైనా ఒకటే.

టైమ్‌జోన్ అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. గడువును జోన్ లేని డేట్‌టైమ్ కాలమ్‌లో దాస్తారు. అప్లికేషన్ యూటీసీలో రాస్తుంది, క్వెరీలోని నౌ ఐఎస్‌టీలో పోలుస్తుంది. తేడా 330 నిమిషాలు. 30 నిమిషాల సెషన్ పుట్టగానే గడువు తీరినట్టు కనపడుతుంది, లాగిన్ అయీ అవగానే బయటికి. అదే తిరగబడితే, అప్లికేషన్ ఐఎస్‌టీ, డేటాబేస్ యూటీసీ అయితే, అరగంట సెషన్ ఆరు గంటలు బతుకుతుంది. దీని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, అందుకే ఏళ్ల తరబడి దొరకదు. యూనిక్స్ సెకన్లు దాస్తే ఈ బాధే లేదు.

మోంగో డేటాబేస్‌లో సెషన్లు పెట్టేవాళ్లకు: టీటీఎల్ ఇండెక్స్ థ్రెడ్ 60 సెకన్లకొకసారి నడుస్తుంది, ఆ ఫీల్డ్ డేట్ రకమే అయి ఉండాలి. స్ట్రింగ్‌గా గానీ అంకెగా గానీ రాస్తే ఎర్రరూ రాదు, చెరపడమూ జరగదు.

పీజీపోర్టల్_దేవ్ · మంగళవారం 11:05

మార్పులు: హెల్త్ చెక్ వేరే సర్వ్‌లెట్‌కి మార్చాం, టామ్‌క్యాట్ సెషన్లు అరగంటలో 40 లోపుకి దిగాయి. ఏపీఐలో సెషన్_స్టార్ట్ తీసేశాం. వెబ్‌లో చివరి కదలిక చెక్ పెట్టాం, కాన్ఫ్.డీలో 3600.

కొత్త చిక్కు. డ్యాష్‌బోర్డ్ తెరిచి వదిలేసిన ఓనర్లకు ఎన్ని గంటలైనా లాగౌట్ అవ్వట్లేదు. నోటిఫికేషన్ల కోసం 30 సెకన్లకొకసారి పోలింగ్ (బ్రౌజర్ తనంతట తాను సర్వర్‌ని అడగడం) ఉంది.

టామ్‌క్యాట్_తాయారు · 11:30

పోలింగ్ కూడా రిక్వెస్టే కదా, టామ్‌క్యాట్‌కి మనిషెవరో స్క్రిప్టెవరో తెలీదు. జేసెషన్ఐడీతో ఏది వచ్చినా చివరి యాక్సెస్ ముందుకు జరుగుతుంది. ఫిల్టర్‌లో మీ సొంత ఆట్రిబ్యూట్ ఒకటి, "చివరి మనిషి కదలిక" అని పెట్టుకోండి. పోలింగ్ యూఆర్ఎల్‌కి దాన్ని మార్చకండి, కానీ అక్కడా చెక్ చేయండి; 30 నిమిషాలు దాటితే ఇన్వాలిడేట్ చేసి 401 (లాగిన్ లేదనే జవాబు) ఇవ్వండి. బ్రౌజర్‌లో 401 రాగానే పోలింగ్ ఆపి లాగిన్ పేజీకి పంపాలి. ఆపడం మర్చిపోతే 401లే 30 సెకన్లకొకటి వస్తుంటాయి.

కదలికతో సంబంధం లేని గట్టి గడువు ఇంకోటి కూడా ఉండాలి. లాగిన్ సమయం దాచి, అది ఇంత దాటితే ఏం చేస్తున్నా సరే బయటికి. ఆఫీసు వాడకపు అప్లికేషన్లకు ఓవాస్ప్ (వెబ్ భద్రత సంస్థ) 4 నుంచి 8 గంటలు అంటుంది. మీ ఓనర్లకు 8 ఇవ్వండి. దొంగిలించిన కుకీతో ఎవడైనా పోలింగ్ చేస్తూ కూర్చున్నా అక్కడికి ఆగుతుంది.

సిల్క్‌బోర్డు_సిగ్నల్ · 11:41

కార్డ్ డేటా చూసే పేజీలుంటే పీసీఐ డీఎస్ఎస్ (కార్డ్ డేటా భద్రతా ప్రమాణం) లెక్క వేరు. 15 నిమిషాలు కదలకపోతే మళ్లీ లాగిన్. 30 కుదరదు.

ఫిల్టర్‌కాఫీ_పైథాన్ · 11:48

కుకీకే 30 నిమిషాల ఆయుష్షు పెడితే ఇదంతా ఎందుకు?

క్రాన్_కామయ్య · 12:20

కుకీ ఆయుష్షు బ్రౌజర్‌కి ఇచ్చే విన్నపం. కుకీని కాపీ చేసుకున్నవాడి దగ్గర అది చెల్లదు, సర్వర్‌లో సెషన్ ఉన్నంతకాలం వాడొచ్చు. పైగా పీహెచ్‌పీలో కుకీ_లైఫ్‌టైమ్ 1800 ఇస్తే, కుకీని సెషన్ పుట్టినప్పుడే పంపుతుంది, తర్వాత రిక్వెస్టులకు పొడిగించదు. పని చేస్తూ చేస్తూ ఉన్నవాడు కూడా సరిగ్గా అరగంటకు బయటపడతాడు. 0 అలాగే ఉంచండి. 0 అంటే బ్రౌజర్ మూస్తే పోతుందని, కానీ క్రోమ్‌లో "ఆపిన చోటి నుంచి కొనసాగించు" పెట్టుకున్నవాళ్లకు మూసి తెరిచినా సెషన్ కుకీ తిరిగొస్తుంది. దాన్నీ నమ్ముకోలేం.

రెడిస్_రాయుడు · 12:33

ఎవరో ఒకరు జేడబ్ల్యూటీ (సర్వర్‌లో సెషన్ దాచకుండా సంతకంతో నడిచే టోకెన్) అనేలోపు నేనే చెప్తాను: క్లీనప్ పని పోదు, చోటు మారుతుంది. లాగౌట్ నిజంగా పనిచేయాలంటే రద్దైన టోకెన్ల జాబితా కావాలి. ప్రతి రద్దుకీ టోకెన్‌లో మిగిలిన ఆయుష్షునే టీటీఎల్‌గా ఇచ్చి రెడిస్‌లో పెడితే ఆ జాబితా తనంతట తాను ఖాళీ అవుతుంది.

పీజీపోర్టల్_దేవ్ · 15:50

401 పద్ధతి పెట్టాం, పనిచేస్తోంది. చివరి ప్రశ్న: ఏపీఐ ఫోల్డర్ ఇప్పుడు ఖాళీ, సెషన్లూ పుట్టవు. దానికోసం రాసిన టైమర్ తీసేయనా?

క్రాన్_కామయ్య · 16:02

ఉంచండి. ఖాళీ ఫోల్డర్ మీద ఫైండ్ నడిస్తే ఖర్చేమీ లేదు. ఏదో లైబ్రరీ అప్‌డేట్‌తో సెషన్_స్టార్ట్ మళ్లీ దూరితే అదే అడ్డు. దానితోపాటు ఫైళ్ల సంఖ్యను కూడా మానిటరింగ్‌కి పంపండి. వెయ్యి దాటితే అలర్ట్ పెడితే ఐనోడ్లు నిండకముందే తెలుస్తుంది. డిస్క్ శాతానికి అలర్ట్ ఉన్నచోట ఐనోడ్ శాతానికి కూడా ఒకటి పెట్టండి, డిఫాల్ట్ టెంప్లేట్లలో తరచుగా ఉండదు.

బీటీఎం_బజ్జీ · 16:05

మొదటి రోజే చెప్పా డీఎఫ్ -ఐ అని 😄